బెదురు గుర్రం, ఇంటికో వరం

“కాలు రికాబులో ఇరుక్కుపోయి, గుర్రం ఆగకుండా పరిగెడితే?”

ఈ మాట నేను పైకి అనే వేళకి గుర్రమూ లేదు, రికాబూ లేదు. పొయ్యి మీద పాలున్నాయి. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ మా అమ్మాయి ఉంది. “ఆదివారాలు గుర్రపుస్వారీ నేర్చుకుంటానమ్మా” అని అది చెప్పి నోరు మూసేలోగా, నేను దాన్ని గుర్రం ఎక్కించి, కింద పడేసి, ఆస్పత్రిలో చేర్పించి, డాక్టరు బయటికొచ్చి నిట్టూర్చి కళ్ళజోడు తీసేదాకా వెళ్ళిపోయాను. ఈలోగా పాలు పొంగాయి.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ మాటలో మొదటి సగానికే నా బతుకు సరిపోయింది.

అలాంటి నేను ఇవాళ మీ అందరి ముందూ బల్లగుద్ది చెబుతున్నాను. ఇంటికో గుర్రం ఉండి తీరాలి! సాధువైన గుర్రం కాదు. బుద్ధిమంతురాలైన గుర్రం అసలే కాదు. బెదురు గుర్రం! ప్లాస్టిక్ కవరు ఎగిరితే తానూ ఎగిరేది, తన నీడని చూసి తానే పక్కకి దూకేది, పదిమందీ పద్ధతిగా స్వారీ చేస్తుంటే మన ఒక్కరి పరువే ఏరి రోడ్డున పడేసేది. దాన్ని మించిన వరం మనిషికి లేదు.

నవ్వుతున్నారా? నవ్వండి. సెల్‌ఫోను వచ్చినప్పుడూ ఇలాగే నవ్వారు.

ముందు నా అర్హతలు చెప్పాలి. అర్హత లేనివాళ్ళు పేపర్లో సలహాలు ఇవ్వకూడదట ఈ రోజుల్లో. నేను తొమ్మిదో క్లాసు పాసయ్యాను. పదో క్లాసు పరీక్షనాడు హాలు కప్పు కూలితే ఎలాగన్న ఆలోచనతో జ్వరం తెచ్చుకుని ఇంట్లోనే ఉండిపోయాను. ఆ కప్పు ఇప్పటికీ కూలలేదు. కూలదని రాసిచ్చేవాళ్ళెవరు? ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంటాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుము దగ్గర వదులు చేస్తూ “మీరు లావవలేదండీ, గుడ్డే కుంచించుకుపోయింది” అని ధైర్యం చెప్పడం నా వృత్తి. మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. గుర్రాలతో మా ఇంటావంటా సంబంధం లేదు.

మరి ఈ జ్ఞానం ఎక్కడిదంటారా? ఒక చిరుగులోంచి వచ్చింది.

అమ్మాయి స్వారీకి వెళ్ళడం మొదలుపెట్టాక కొన్ని వారాలు బాగానే గడిచాయి. అంటే దానికి బాగానే గడిచాయి. ఒక ఆదివారం సాయంత్రం అది ఉతకడానికి పడేసిన స్వారీ ప్యాంటు నా చేతికొచ్చింది. ఎడమ తుంటి దగ్గర నూలు లేచిపోయి, అర్ధచంద్రాకారంలో చిరిగి ఉంది. మేకుకి తగిలితే గుడ్డ పొడుగ్గా చిరుగుతుంది. కూర్చుని కూర్చుని అరిగితే పలచబడుతుంది. ఇది ఆ రెండూ కాదు. మనిషి నేల మీద పడి జారితే వచ్చే చిరుగు ఇది.

“ఇదెలా చిరిగిందే?” అని అడిగాను.

“ఏం లేదమ్మా.”

“ఏం లేకుండా గుడ్డ దానంతటదే చిరుగుతుందా?”

“ఊఁ.”

ఊఁ అంటే ఏమిటి? అవుననా, కాదనా, ఇక నోరు మూసుకోమనా? మా ఆయన్ని అడిగాను. ఆయన పేపరు తిరగేసి, “ఊఁ అంటే ఊఁ” అన్నారు.

అది పడిందని నాకు తెలుసు. ఆ సంగతి చిరుగే చెప్పింది. కానీ తెలియడం వేరు, చెప్పడం వేరు. నా కూతురు తన నోటితో నాకు చెప్పాలి. ఎక్కడ పడింది, ఎలా పడింది, ఎవరు లేపారు. అంతకు మించి నాకే కోరికా లేదు. అన్నం వడ్డిస్తూ అడిగాను. బస్సెక్కబోతుంటే అడిగాను. స్నానం చేస్తుంటే తలుపు ఇవతల నుంచి అడిగాను. ప్రతిసారీ అదే “ఏం లేదు”, దాని వెనకే అదే “ఊఁ”. చివరికి ఆ ప్యాంటుకి లోపలి నుంచి అతుకు వేసి, పైకి కుట్టు కనపడకుండా రఫూ చేసి ఇచ్చాను. “థాంక్స్” అంది. బాంధవ్యం ముదురుతోందని సంతోషించాను.

అంతలో వచ్చింది ‘ఇంటివాళ్ళ ఆదివారం’. స్వారీ క్లబ్బువాళ్ళు ఏడాదికోసారి ఇంట్లోంచి ఒకరిని వెంట తెచ్చుకోమంటారట. అందరినీ గుర్రాలెక్కించి గుంపుగా వీధుల్లో నడిపిస్తారట. అమ్మాయి ఈ సంగతి వాళ్ళ నాన్న చెవిలో చెబుతుంటే విన్నాను. మిషను తొక్కుతున్నప్పుడు నాకేమీ వినపడదని వాళ్ళ నమ్మకం. మిషను ఆపకుండా వినడం రాకపోతే నేను ఈ ఇంట్లో బతికి బట్టకట్టేదాన్నా?

“నేనొస్తా” అన్నాను.

“నువ్వా? నువ్వు ఎస్కలేటరే ఎక్కవు కదమ్మా!”

“ఎస్కలేటరుకి కళ్ళెం లేదు. గుర్రానికి ఉంది.”

మా ఆయన పేపరు చాటు నుంచే, “తీసుకెళ్ళవే. కాకపోతే అక్కడి గుర్రాలకి ముందుగా ఒక మాట చెప్పి ఉంచు” అన్నారు.

ఆ ఆదివారం వెళ్ళాం. గుర్రపుశాల ముందు గుర్రాలన్నీ బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. ఒకటి మాత్రం విడిగా, దూరంగా కట్టేసి ఉంది. గోధుమరంగు ఆడగుర్రం. ఒక చెవి ముందుకి, ఒక చెవి వెనక్కి తిప్పుతూ లోకంలోని చప్పుళ్ళన్నీ పోగుచేసుకుంటోంది. తోకకి ఎర్ర రిబ్బను.

“ఆ రిబ్బను ముచ్చటగా ఉందండీ” అన్నాను స్వారీ నేర్పే మాస్టారుతో.

“ముచ్చటకి కాదమ్మగారూ, హెచ్చరిక. కంగారులో కాలు విసురుతుంది, వెనక్కి రావద్దని గుర్తు. మేం దీన్ని సైరన్ అంటాం.”

“దీన్ని మామూలుగా ఎవరెక్కుతారు?”

మాస్టారు నోరు తెరిచేలోగానే మా అమ్మాయి తల పక్కకి తిప్పేసుకుంది. ఇంక ఆయన చెప్పక్కర్లేకపోయింది.

“దీన్ని నాకివ్వండి” అన్నాను.

మీరే చెప్పండి, ఇందులో తప్పేముంది? ఇంట్లో మాడిన రొట్టె ఎవరు తింటారు? తల్లి. ఊచ విరిగిన గొడుగు ఎవరికి? తల్లికి. మరి పిచ్చి గుర్రం మాత్రం కూతురికా?

“అమ్మా, ఆటలాడకు. దానికి భయం ఎక్కువ” అంది అమ్మాయి పళ్ళు బిగపట్టి.

“నాకేమైనా తక్కువా?”

నేను గుర్రం ఎక్కితే తప్ప ఎవరి గుర్రాన్నీ కదలనివ్వనని మాస్టారికి అర్థమైంది. గడ్డం గోక్కుని, ఆలోచించి, రాజీ కుదిర్చారు. నేను సైరన్ మీద. అమ్మాయి ముసలి తెల్లగుర్రం మీద, నా పక్కనే. సైరన్‌కి కట్టిన తాడు అమ్మాయి చేతిలో. పరుగు లేదు, నడక మాత్రమే. గుంపులో అందరికంటే చివర.

చూశారా, ఎక్కకముందే మొదటి వరం! బొడ్డుతాడు కోసేశాక మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఒక తాడు పడింది ఇప్పుడే. పైగా దాని ఒక చేతిలో పగ్గాలు, ఇంకో చేతిలో తాడు. ఫోను పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు! ఈ లాభం ఇంకే వాహనంతో వస్తుందో చెప్పండి.

ఎక్కడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. నేను మెట్ల పీట ఎక్కి కాలు ఎత్తగానే సైరన్ రెండడుగులు పక్కకి జరిగేది. నేను పీట దిగి, పీట జరిపి, మళ్ళీ ఎక్కి కాలు ఎత్తేదాన్ని. అది మళ్ళీ జరిగేది. గుంపంతా అప్పటికే గుర్రాల మీద కూర్చుని మావైపు చూస్తోంది. ఒకసారి ఎత్తిన కాలు దించితే మళ్ళీ ఎత్తే ఓపిక ఉండదని దించలేదు. కొంగలా నిలబడిపోయాను. “తొందరేమీ లేదండీ” అన్నాడు గుంపులో ఉన్న పళ్ళ డాక్టరు, పన్ను పీకేముందు అనే గొంతుతో. చివరికి మాస్టారు వెనక నుంచి ఒక తోపు తోశారు. ఎక్కడ చెయ్యి పెట్టి తోశారో రాయను. ఇది ఇంటిల్లిపాదీ చదివే పత్రిక.

అహంకారం పోగొట్టుకోవడానికి జనం కొండలెక్కుతారు, ఉపవాసాలుంటారు. ఎందుకండీ అంత కష్టం? పదిమంది ముందు సైరన్‌ని ఎక్కండి, చాలు.

బయల్దేరే ముందు మాస్టారు ఒక నియమం చెప్పారు. “గుంపులో ఎవరు ఏ ప్రమాదం చూసినా గట్టిగా చెప్పాలి. మొహమాటపడకూడదు. ముందున్నవాళ్ళు అదే మాట అందుకుని ముందుకి పంపాలి. నా దాకా రాగానే నేను చెయ్యెత్తుతాను. అందరూ ఆగాలి.”

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఏ ప్రమాదం చూసినా! గట్టిగా! పదిమందీ అందుకోవాలి! పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మాట కోసమే నేను ఎదురుచూస్తున్నానని ఆ మాస్టారికేం తెలుసు, పాపం?

గేటు దాటామో లేదో “గుంట!” అన్నాను.

“గుంట!” అంది నా ముందున్న బ్యాంకు మేనేజరమ్మ. “గుంట!” అన్నాడు ఆవిడ ముందున్న పళ్ళ డాక్టరు. మాట నోటినుంచి నోటికి పాకి ముందుకి పోయింది. మాస్టారు చెయ్యెత్తారు. గుర్రాలన్నీ టక్కున ఆగాయి. నా కళ్ళు చెమ్మగిల్లాయి.

“కుక్క!” అన్నాను. పడుకునే ఉంది. లేస్తే? “కుక్క!” “కుక్క!” చెయ్యి లేచింది. ఆగాం.

“మేడ మీద పూలకుండీ అంచుకి ఉంది!” ఇదీ అక్షరం పొల్లుపోకుండా వెళ్ళింది. “మబ్బు పట్టింది, గొడుగులున్నాయా?” అన్నాను. మేనేజరమ్మ ఒక్క క్షణం వెనక్కి తిరిగి నన్ను చూసింది. కానీ బ్యాంకులో పనిచేసే మనిషి కదా, నియమం నియమమే. “మబ్బు పట్టింది, గొడుగులున్నాయా?” అని ముందుకి అందించింది. మాస్టారి చెయ్యి లేచింది. ఈసారి కొంచెం ఆలోచించి లేచింది.

ఒక షాపు ముందు రంగులేసే ఆయన నిచ్చెన ఎక్కి ఉన్నాడు. కింద పట్టుకునేవాళ్ళు లేరు. “నిచ్చెన పట్టుకోలేదు!” అని అరిచాను. గుంపంతా వరసగా “నిచ్చెన పట్టుకోలేదు! నిచ్చెన పట్టుకోలేదు!” అని అరిచేసరికి, అప్పటిదాకా నిక్షేపంలా ఉన్న ఆయన ఉలిక్కిపడి, నిజంగానే జారబోయి, కిటికీ ఊచ పట్టుకుని వేలాడాడు. చూశారా? నేను ముందే చెప్పలేదూ?

అలా మేం మొదటి వీధి చివరికి చేరేలోగా, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని దాటి వెళ్ళి, కూరగాయలు బేరమాడి కొనుక్కుని, తిరిగి మా ఎదురుగా వచ్చేశాడు.

“అమ్మా, ఇంక చాలు” అంది అమ్మాయి. దాని చెవులు ఎర్రబడిపోయాయి.

“నియమమే కదే!”

“నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.”

“హెల్మెట్‌లో పెట్టుకో. బకిలు బిగించావా?”

మాస్టారు గుర్రాన్ని తిప్పుకుని మా దగ్గరికి వచ్చారు. “అమ్మగారూ, గుర్రాలకి ప్రమాదమైనవి చెప్పండి చాలు. ఊరందరివీ మనకెందుకండీ?” అన్నారు. నియమం సవరించేశారు. మంచి చట్టాలన్నీ ఇలాగే నీరుగారిపోతాయి.

సరే, నోరు మూసుకున్నాను. నేను వదిలేసిన పని సైరన్ అందుకుంది.

ముందు పీతలా అడ్డంగా నడిచింది. దానివల్ల నాకు షాపుల అద్దాలన్నీ ఎదురుగా కనిపించాయి. వాటిలో నేనూ కనిపించాను. హెల్మెట్ కళ్ళ మీదికి జారి, మోకాళ్ళు చెవుల దగ్గరికి వచ్చి, జీను ముందుభాగాన్ని వాటేసుకుని ఉన్న ఆవిడెవరా అని కాసేపు జాలిపడ్డాను కూడా. తరవాత సైరన్ పూర్తిగా తిరిగిపోయి వెనక్కి అడుగులేసింది. ఎక్కడికి పోతున్నామో తెలియదు గానీ, ఎక్కణ్ణించి వచ్చామో చాలా స్పష్టంగా తెలిసింది. ఈ భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

అమ్మాయి తాడు లాగి దాన్ని సరిచేసిందో లేదో, సైరన్ తుమ్మింది. నమిలిన గడ్డి నురగ, పచ్చగా, మేనేజరమ్మ తెల్లచొక్కా వీపు మీద దేశపటంలా పరుచుకుంది.

“సారీ అండీ” అన్నాను.

“ఫర్వాలేదండీ” అంది ఆవిడ.

సైరన్ ఇంకోసారి తుమ్మింది. పటంలో పక్క దేశం కూడా వచ్చింది.

“సారీ అండీ! ఆ చొక్కా నా దగ్గరికి పంపండి. శుభ్రం చేసి, పనిలో పనిగా చంకల దగ్గర కాస్త వదులు కూడా చేసిస్తాను” అన్నాను, ఉపకారం చేద్దామనే. ఆవిడ ఆ తరవాత నాతో మాట్లాడలేదు.

గ్రంథాలయం ముందుకి వచ్చాం. ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు. మాస్టారు నోటి మీద వేలు పెట్టుకుని చూపించారు. అందరూ ఊపిరి బిగపట్టినంత పని చేశారు. సరిగ్గా అప్పుడు సైరన్ గాలి వదిలింది. ఒకేసారి వదిలినా బాగుండేది. అడుగుకొకటి చొప్పున, బరువైన మనిషి చెక్కమెట్లు దిగుతున్నట్టు, ఆ బోర్డు పొడుగునా వదిలింది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. గుర్రాన్ని కాదు. నన్ను!

“గుర్రమండీ” అన్నాను. “నిజంగా గుర్రమే” అన్నాను. ఈ మాట ఒకసారి అంటే జనం నమ్ముతారు. రెండోసారి అంటే అనుమానిస్తారు. నేను మూడోసారి కూడా అన్నాను.

ఇక సిగ్నల్ దగ్గర జరిగింది చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ కాలమ్ రాసేవాళ్ళు నిజాయితీగా ఉండాలి. ఎర్రలైటు పడింది. ఒకవైపు నిండు బస్సు, ఇంకోవైపు కార్లు. సైరన్ వెనక కాళ్ళు దూరంగా చాపి, తోక ఎత్తింది. మునిసిపాలిటీ పైపు పగిలిందేమోనని బస్సు డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. పచ్చలైటు పడింది, ఆగలేదు. మళ్ళీ ఎర్రలైటు పడింది, ఆగలేదు. వెనక కార్లు హారన్లు కొట్టాయి. అలాంటి సమయంలో గుర్రాన్ని తొందరపెట్టకూడదట. మరి నేనేం చెయ్యను? నడుము నిటారుగా పెట్టి, బస్సులో ఉన్నవాళ్ళందరికీ నవ్వుతూ చెయ్యి ఊపాను. కొంతమంది తిరిగి ఊపారు. ఇంకొంతమంది ఫోటోలు తీశారు.

ఇన్నేళ్ళు ఇంట్లో మిషను ముందు కూర్చున్న నన్ను ఎవరైనా ఫోటో తీశారా? గుర్రం వల్లే కదా ఈ కీర్తి!

ఇప్పుడు అసలైన వరం దగ్గరికి వస్తున్నాను. కాస్త నిదానంగా చదవండి.

సిగ్నల్ దాటాక ఒక లాండ్రీ ఉంది. దాని పెరట్లో తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గాలి వచ్చి ఒక దుప్పటిని బుస్సున ఉబ్బించింది. సైరన్ నిలువునా బిగుసుకుపోయింది. తల పైకెత్తి, ముక్కుపుటాలు విప్పి, గురకలాంటి చప్పుడు చేసింది. నా కాళ్ళ కింద దాని డొక్కలు వణుకుతున్నాయి. నా కాళ్ళూ వణుకుతున్నాయి. ఏ వణుకు ఎవరిదో విడదీసి చెప్పలేను.

“దుప్పటి!” అని అరిచాను. ఈసారి ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. “దుప్పటి!” “దుప్పటి!” అంటూ మాట ముందుకి పోయింది. మాస్టారి చెయ్యి లేచింది. ఆ లేవడంలో అనుమానం లేదు.

“ఎవరూ కదలొద్దు” అన్నారు మాస్టారు. “తిట్టొద్దు, లాగొద్దు. అది దేన్ని చూసి బెదిరిందో దాన్ని తనివితీరా చూడనివ్వండి. బెదిరిన గుర్రానికి ‘ఏం లేదు’ అని చెబితే నమ్మదు. చూపిస్తే నమ్ముతుంది. చూశాక దానంతటదే నడుస్తుంది.”

గుంపంతా ఆగింది. ఒక్కరూ గడియారం చూసుకోలేదు. మేనేజరమ్మ, ఆ పచ్చటి వీపుతోనే, రాయిలా కదలకుండా కూర్చుంది. ఒక గుర్రం ఒక దుప్పటిని చూసి భయపడింది కాబట్టి ఇంతమంది పెద్దమనుషులు నడిరోడ్డు మీద ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారు!

మరి మా అమ్మాయి? తెల్లగుర్రాన్ని దగ్గరికి జరిపి, పక్కకి వంగి, సైరన్ మెడ మీద చెయ్యి వేసింది.

“ఏమ్మా బంగారం, భయమేసిందా? వెయ్యదూ మరి! ఎంత పెద్ద దుప్పటో! చూడు, నెమ్మదిగా చూడు. తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నా కదా, ఎక్కడికీ పోను. నీకెంతసేపు కావాలంటే అంతసేపు చూడు. నువ్వు పిచ్చిదానివి కాదు తల్లీ. ఎవరన్నారు నిన్ను పిచ్చిదని?”

చదివే మహానుభావులారా, నా కూతురికి అన్ని మాటలు వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

సైరన్ చూసింది. ఒక అడుగు వేసి చూసింది. మెడ చాపి వాసన చూసింది. దుప్పటి దుప్పటే. ముక్కు చీదుకుని, ఏమీ జరగనట్టు నడక మొదలుపెట్టింది.

చల్లకొచ్చి ముంత దాచడం దేనికి? ఇంటికో బెదురు గుర్రం కావాలని ఇంతసేపూ వాదించాను. నిజానికి మా ఇంట్లో ఒకటి ఎప్పటి నుంచో ఉంది. మిషను తొక్కుతుంది. తాళం వేసిందో లేదో చూడ్డానికి వీధి చివరి నుంచి వెనక్కి వస్తుంది. బస్సు ఆలస్యమైతే బాల్కనీలో నిలబడుతుంది. దానికి వేసే దాణాలో లోటేమీ లేదు. మెడ మీద చెయ్యి వేసేవాళ్ళే లేరు. అది బెదిరితే గుంపు ఆగదు. “మళ్ళీ మొదలెట్టావా?” అంటుంది. దానికి ఎవరూ దుప్పటి చూపించరు. “ఏం లేదు” అని గది తలుపు వేసుకుంటారు.

మా ఆయన సంగతే చూడండి. లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు ఇవతల కూర్చుని గంటలకొద్దీ మాట్లాడతారట. “నేనిక్కడే ఉన్నానండీ. లోపలికి గాలి వస్తుంది. మీ పేరేమిటి? పిల్లలెంతమంది?” అని. ఆయన గొంతు వింటేనే ధైర్యం వస్తుందని ఊళ్ళో పేరు. అదే గొంతు ఇంటికొచ్చేసరికి పేపరు వెనక్కి వెళ్ళిపోతుంది. మాట్లాడాలంటే లిఫ్టులోనే ఇరుక్కోవాలంటే, ఏ అంతస్తులో ఇరుక్కోమంటారో చెప్పండి, వెళ్ళి కూర్చుంటాను.

భయపడేవాళ్ళకి ఇంట్లో ఉన్న లోటు ఒక్కటే. తోక లేదు, రిబ్బను కట్టించుకోవడానికి.

సరే, ఆ ఆదివారం సంగతి ముగిస్తాను. లాండ్రీ దాటాక గుంపు ముందుకి వెళ్ళిపోయింది. మేమిద్దరం వెనకబడ్డాం. గోడౌను గోడల మధ్య సన్నటి రోడ్డు. గిట్టల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎప్పుడూ అడిగే గొంతుతో కాకుండా అడగాలనుకున్నాను. ఆ గొంతు ఎక్కడుందో వెతుక్కోవడానికి కొంచెం సేపు పట్టింది.

“ఒసే, ఒక మాట” అన్నాను. “నేను తిట్టను. ఏడవను. స్వారీ మానెయ్యమని అనను. నువ్వు పడ్డ చోటు ఒకసారి చూపించు. చూస్తే నేనూ నడుస్తాను.”

అది ‘ఏం లేదు’ అనలేదు. ‘ఊఁ’ కూడా అనలేదు. ఎదురుగా చూస్తూ కూర్చుంది. మా మధ్య తాడు ఒకసారి వదులైంది, ఒకసారి బిగుసుకుంది. గోడౌనులు అయిపోయాయి. టైర్ల షాపు వచ్చింది, షట్టరు సగం దించి ఉంది. అది దాటాం. ఏదో మూలమలుపు వచ్చింది. ముందు గుంపు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. వెనక్కి పిలుద్దామా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంకో మాట అడుగుదామా అని కూడా వచ్చింది. అదీ మింగేశాను. నా జీవితంలో ఒకేరోజు నేను మింగిన మాటల్లో ఇది రికార్డు.

మలుపులో ఒక బస్సు షెల్టరు ఉంది. బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. షెల్టరు ముందు రోడ్డు పని కోసం పోసిన సన్నకంకర చెదిరి పరుచుకుని ఉంది. అక్కడ అమ్మాయి తెల్లగుర్రాన్ని ఆపింది. తాడు కొంచెం దగ్గరికి లాక్కుని సైరన్‌నీ ఆపింది. చాలాసేపు ఆ కంకర వైపే చూసింది. బెంచీ మీదివాళ్ళు మమ్మల్ని చూస్తున్నారని తెలిసి దాని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

“ఇక్కడేనమ్మా” అంది. “ఆ రోజు షెల్టరు నిండా జనం. గుర్రం ఆగింది, నేను ఆగలేదు. దిగి చూస్తావా?”